‘గే డాగ్’లో కుక్క లేదు: పాత ఇంగ్లీషు జల్సా మాటల మీద అపోహలు - వాస్తవాలు

అనువాదాలు మొదలుపెట్టిన కొత్తలో ఒక పాత ఇంగ్లీషు కథ నా చేతికొచ్చింది. అందులో రిటైరైన మిలిటరీ దొర ఒకాయన తన స్నేహితుణ్ణి తలుచుకుంటూ, వయసులో వాడు ‘గే డాగ్’ అంటాడు. నేను నిఘంటువు ముందేసుకుని ‘ఉల్లాసభరితమైన కుక్క’ అని రాసిచ్చాను. ఎడిటర్ గారు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన ఒక్క ముక్క రాశారు: “ఈ కథలోకి కుక్క ఎప్పుడొచ్చింది?”

‘గే డాగ్’ అంటే సరదాలు మరిగిన జల్సా మనిషి. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు కుక్క దగ్గర కాదు, దాని ముందున్న ‘గే’ దగ్గర పడుతున్నారు.

అపోహ: ‘గే’ అని ఉంటే ఆ పాత్ర స్వలింగ ప్రేమికుడే.

వాస్తవం: ఇది ఫ్రెంచి నుంచి మధ్యయుగాల్లోనే ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మొదట్లో హుషారు, మెరిసే రంగులు, అంతే. 17వ శతాబ్దానికి కాస్త జారింది. సుఖాలు మరిగి, కట్టుబాటు లేకుండా తిరిగే మనిషికి వాడటం మొదలైంది. 1703లో నికొలస్ రో నాటకంలో ఆడవాళ్లను వంచించే లొథారియోకు తగిలించిన విశేషణాల్లో ఇదొకటి. ఆ పేరే తర్వాత స్త్రీలోలుడికి మారుపేరైంది. 19వ శతాబ్దంలో ‘గే ఉమన్’ అంటే ఏకంగా వేశ్య. ఇప్పటి అర్థం జనం నోట స్థిరపడింది 20వ శతాబ్దం రెండో సగంలో. అంతకు ముందు కొన్ని దశాబ్దాల రచనల్లో మాత్రం తొందరపడకండి. రెండర్థాలూ తెలిసే వాడినవాళ్లున్నారు.

అపోహ: ‘డాగ్’ అన్నారంటే తిట్టినట్టే.

వాస్తవం: మనకు కుక్క అంటే తిట్టే. ఇంగ్లీషువాళ్లు మాత్రం అదృష్టవంతుణ్ణి ‘లకీ డాగ్’ అంటారు, గడుసువాణ్ణి ‘స్లై డాగ్’ అంటారు. అందులో మందలింపు సగం, ముచ్చట సగం. కొంచెం అసూయ కూడా. ఇదేమీ మనకు కొత్త కాదు. “అదృష్టమంటే నీదేరా వెధవా” అని స్నేహితుడి వీపు మీద చరుస్తాం కదా! విధవ నుంచి వచ్చిన మాట అది, అయినా ఆ క్షణంలో అర్థం ఎవరికి గుర్తుంటుంది?

అపోహ: పాత మాటకు పాత తెలుగే పెట్టాలి.

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ అనువాదాలను చెడగొట్టింది ఇదే. నిఘంటువులో ఇలాంటి మాటల పక్కనుండే ‘ఆర్కాయిక్’ (వాడుక పోయిన పాత మాట) అన్న గుర్తు మన కాలానికి. ఆ దొర నోట్లో అది పాత మాట కాదు, పేకాట బల్ల దగ్గర దొర్లే మాట. దానికి ‘విలాసపురుషుడు’ అని పెడితే దొర కాస్తా పురాణం చెబుతున్నట్టుంటాడు. ‘భోగలాలసుడు’ మరీ ఘోరం. మనకు జల్సారాయుడు ఉన్నాడు, షోకిల్లా ఉన్నాడు. జల్సా, షోకు రెండూ ఉర్దూ మీదుగా వచ్చినవి. జల్సా అంటే అసలు సభ, కొలువు. నలుగురు కూడిన చోట సరదా పుట్టిందేమో, మనం సరదానే ఉంచుకున్నాం. నేను చివరికి రాసింది: “వయసులో వాడు మహా ఘటికుడు లెండి!” ఈసారి ఎర్ర పెన్ను పడలేదు.

అపోహ: ‘రేక్’ కూడా అలాంటివాడే.

వాస్తవం: కాదు. చెత్త లాగే పనిముట్టుకూ అదే పేరు కానీ, ఈ రేక్ ‘రేక్‌హెల్’కు పొట్టిరూపం. ఇతను కొంప ముంచుకునే రకం. 18వ శతాబ్దపు చిత్రకారుడు విలియం హోగార్త్ ఇలాంటివాడి కథను 8 బొమ్మల్లో వేశాడు. పిసినారి తండ్రి దాచిన సొమ్ము కొడుకు చేతికొస్తుంది. మూడో బొమ్మలో ఒళ్లు తెలియకుండా తాగి ఉంటే పక్కనున్న ఆడమనిషి వాచీ కొట్టేస్తుంటుంది. ఆపైన డబ్బు కోసం ముసలామెతో పెళ్లి, జూదం, అప్పుల జైలు, ఆఖరికి పిచ్చాసుపత్రి. ఇక్కడ ‘ఘటికుడు’ అతకదు. ‘తిరుగుబోతు’ అనాల్సిందే.

అపోహ: ‘ఎపిక్యూర్’ (మంచి తిండి రుచులు మరిగినవాడు) పుట్టింది ఎపిక్యూరస్ పేరు నుంచి కాబట్టి ఆయనా తిండిపోతే.

వాస్తవం: మాట ఆయన పేరు మీదే పుట్టింది, అంతవరకు నిజం. క్రీ.పూ. 341లో పుట్టిన ఈ గ్రీకు తాత్త్వికుడు సుఖమే పరమార్థమన్నాడు కానీ, ఆయన దృష్టిలో సుఖమంటే ఒంటికి నొప్పి, మనసుకు టెన్షన్ లేకపోవడం. మామూలుగా రొట్టె, నీళ్లతోనే సరిపెట్టుకునేవాడట. విందు చేసుకోవాలనిపించినప్పుడు పనికొస్తుంది, ఓ చిన్న కుండెడు జున్ను పంపమని స్నేహితుడికి ఉత్తరం రాశాడని పాత గ్రంథాలు చెబుతాయి.