తొడిమ దగ్గర పచ్చగా ఉంటే పారేయకండి

ఎన్నో తరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన పాత రకాలనే హెయిర్‌లూమ్ టమాటాలంటారు. వీటిలో చాలా రకాలకు పండాక కూడా తొడిమ చుట్టూ పచ్చదనం కొంత మిగులుతుంది. పండలేదేమోనని కోసి పారేస్తుంటారు గానీ, తీపికి ఒక కారణం అక్కడే ఉంది. కాయ పైభాగాన్ని ముదురు ఆకుపచ్చగా ఉంచే జన్యువు వల్ల అందులో పత్రహరితం పెరుగుతుంది. దాంతో కాయ కూడా సొంతంగా కొంత చక్కెర తయారు చేసుకుంటుంది. కాయలన్నీ ఒకే రంగులో సమంగా పండాలని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా లేత రంగు కాయల మొక్కలనే ఎంచుకున్నారు. ఆ మొక్కల్లో ఈ జన్యువు పనిచేయడం లేదని 2012లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. చూపుకోసం రుచిని పోగొట్టుకోవడం నాకైతే చాలా బాధగా అనిపిస్తుంది.

గింజను అర సెంటీమీటరు లోతున వేసి, 20–30 డిగ్రీల వేడి ఉండేలా చూస్తే వారం పది రోజుల్లో మొలుస్తుంది. వెలుతురు చాలకపోతే నారు సన్నగా సాగిపోతుంది. నాటేటప్పుడు కింది ఆకులు తుంచి కాండాన్ని లోతుగా పాతాలి, మట్టి తగిలిన చోటల్లా వేర్లు వస్తాయి. ఈ రకాలు ఎక్కువగా తీగలా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఊతకర్ర తప్పనిసరి.

పువ్వును దగ్గరగా చూడండి. పుప్పొడి ఉండే పసుపు కేసరాలన్నీ అతుక్కుని, పుప్పొడిని అందుకునే ఆడభాగమైన కీలాన్ని గొట్టంలా చుట్టేసి ఉంటాయి. గాలికి ఊగినా, తుమ్మెద పట్టుకుని ఝుమ్మని అదిరించినా పుప్పొడి ఆ గొట్టంలోనే రాలుతుంది. అందుకే ఈ రకాల్లో పిల్లమొక్క సాధారణంగా తల్లిలాగే వస్తుంది. అదే హైబ్రిడ్ మొక్క కాయల్లోంచి తీసిన గింజలు వేస్తే మొక్కలు తలో రకంగా వస్తాయి. కొన్ని పాత రకాల్లో కీలం బయటికి పొడుచుకుని ఉంటుంది, వాటిలో పరాయి పుప్పొడి కలిసే అవకాశం ఎక్కువ. విత్తనం కోసమైతే పూత విచ్చకముందే గుత్తికి పల్చటి వల సంచి కట్టాలి.

వేడి బాగా పెరిగితే, ముఖ్యంగా రాత్రిళ్లు చల్లబడకపోతే, పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. అప్పుడు ఎరువు పెంచినా లాభం లేదు. నీళ్లు ఒకరోజు ఎక్కువ, మరోరోజు తక్కువ పడితే కాయలు పగులుతాయి. అలాంటప్పుడు మట్టిలో కాల్షియం ఉన్నా కాయకు అందక అడుగు నల్లబడుతుంది.

విత్తనానికి బాగా మాగిన పండే కావాలి. గింజల చుట్టూ ఉండే జిగురు మొలకను ఆపుతుంది కాబట్టి, రసంతో సహా గిన్నెలో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. తర్వాత కడిగి, అడుగున చేరిన గింజల్ని నీడలో ఆరబెట్టి, కాగితం కవరులో వేసి రకం పేరు, సంవత్సరం రాసుకోండి. తేమ తగలకుండా చల్లని చోట ఉంచితే నాలుగైదేళ్లు మొలుస్తాయి.