ఆరోగ్య బీమాలో మార్కెట్ సంస్కరణలు: రోజూ వినే అపోహలు, డెస్క్ దగ్గర చూసిన వాస్తవాలు

ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆరేళ్లు కూర్చున్నాను. ఇప్పుడు గుంటూరులో హెల్త్ పాలసీల ఏజెంటుని. ఒకప్పుడు బిల్లు పంపిన చేత్తోనే ఇప్పుడు అదే బిల్లు పట్టుకుని కంపెనీతో పోట్లాడుతున్నాను. ప్రభుత్వం తప్పుకుని మార్కెట్‌కి వదిలేస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట ఈ మధ్య బాగా వినపడుతోంది. నేను మార్కెట్‌కి వ్యతిరేకిని కాను, నా తిండే అందులోంచి వస్తోంది. కాకపోతే అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో కొంచెం విడమరిచి చూడాలి.

అపోహ: కంపెనీలు ఎక్కువైతే ప్రీమియం తగ్గుతుంది. సెల్‌ఫోన్ చార్జీలు తగ్గలేదా?

రీచార్జి ఎవరు చేయించుకున్నా కంపెనీకి అయ్యే ఖర్చు ఒకటే. పాలసీ అలా కాదు. కొన్నది ముప్పై ఏళ్ల కుర్రాడా, షుగరూ బీపీ ఉన్న అరవై ఏళ్ల పెద్దాయనా అన్నదాన్ని బట్టి ఖర్చు మారిపోతుంది. అందుకే కంపెనీలన్నీ ఆ కుర్రాడి కోసం పోటీ పడతాయి. రోజుకి నాలుగు ఫోన్లు వచ్చేది అతనికే. పెద్దాయనకి వచ్చేది లోడింగ్ (జబ్బుందని ప్రీమియం మీద అదనంగా వేసేది), లేకపోతే తిరస్కరణ. వైద్యం మామూలు సరుకులా ఎందుకు నడవదో కెనెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లోనే రాశాడు.

బీమాలో విదేశీ పెట్టుబడి పరిమితి 26 శాతం నుంచి 2015లో 49కి, 2021లో 74కి పెరిగింది. 2025 డిసెంబరులో నూటికి నూరు శాతానికీ పార్లమెంటు ఒప్పుకుంది. కొత్త కంపెనీలు వస్తాయి, మంచిదే. కానీ వచ్చినవాళ్లూ ఆ కుర్రాడి దగ్గరికే వెళతారు. పెద్దాయన సంగతి తేల్చాలంటే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జోక్యం చేసుకోవాల్సిందే, కొంత చేసుకుంది కూడా. 2024లో 65 ఏళ్లు దాటితే కొత్త పాలసీ ఇవ్వమనే అడ్డంకి తీసేసింది. పాత జబ్బులకు వెయిటింగ్‌ని, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలాన్ని, నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. 2025 జనవరిలో సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ముందు తనతో మాట్లాడాలంది. అయినా పెద్దాయనకి మొదటి ప్రీమియం ఎంత ఉండాలో ఎవరూ చెప్పలేదు. తలుపు తీశారు గానీ, గడప ఎత్తు మాత్రం కంపెనీ ఇష్టమే.

ఇంకో లెక్క చూడండి. 2023-24లో హెల్త్ పాలసీలు మాత్రమే అమ్మే కంపెనీలు ప్రీమియంగా వచ్చిన నూరు రూపాయల్లో దాదాపు 65 క్లెయిములకు ఖర్చు పెట్టాయి. ప్రభుత్వ రంగ కంపెనీలు దాదాపు 103 పెట్టాయి. ప్రభుత్వ కంపెనీల చేతిలో గ్రూపు పాలసీలు (ఉద్యోగులందరికీ కలిపి సంస్థలు తీసుకునేలాంటివి) ఎక్కువ, వాటిలో క్లెయిములూ ఎక్కువే. కాబట్టి ఈ రెంటినీ నేరుగా పోల్చలేం. అయినా పోటీ నిజంగా పనిచేస్తుంటే ఆ 65 ఈపాటికి పైకి పాకాలి కదా? అమెరికాలో 2010 చట్టం ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద గ్రూపులకైతే 85 శాతం వైద్యం మీదే ఖర్చవ్వాలంది. తక్కువైతే తేడా వెనక్కి ఇవ్వాలి. మన దగ్గర కంపెనీ ఖర్చులకు పరిమితి ఉంది, క్లెయిములకు కనీసం ఇంత ఇవ్వాలనే రూలు లేదు. నన్నడిగితే పది కొత్త కంపెనీల కంటే ఆ ఒక్క రూలు మేలు.

అపోహ: ఆసుపత్రులు రేట్లు బోర్డు మీద పెడితే చాలు, పేషెంటే చవకైనది ఎంచుకుంటాడు.

ఇది సగం నిజం. కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లాసిక్ ఆపరేషన్ రేటు హోర్డింగ్ మీద కనిపిస్తుంది. హెర్నియా రేటు ఏ హోర్డింగ్ మీదైనా చూశారా? కంటి పవర్ 7.5 కంటే తక్కువుంటే లాసిక్‌కి పాలసీలు డబ్బులివ్వవు. జనం సొంత డబ్బు పెడతారు, తొందరేమీ ఉండదు, నాలుగు చోట్ల కనుక్కుంటారు. అక్కడ మార్కెట్ చక్కగా నడుస్తుంది. రాత్రి రెండింటికి గుండె పట్టుకుని వచ్చిన మనిషి బోర్డు చదవడు. స్టెంట్ ఏది వెయ్యాలో నిర్ణయించేది డాక్టరు, కట్టేది పేషెంటు. అందుకే కంపెనీలు ఎన్ని ఉన్నా స్టెంట్ ధర దిగలేదు. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టాకే మందు పూత స్టెంట్ 30 వేల లోపుకి వచ్చింది. (ప్యాకేజీ అంతే స్థాయిలో తగ్గిందా అని అడక్కండి. స్టెంట్‌లో తగ్గింది వేరే లైనులో కనిపించిన బిల్లులు నేను చూశాను.)

డెస్క్ దగ్గర ఆరేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట: "ఏమ్మా, సింగిల్ రూమ్ ఉందా? పాలసీ ఉందిలే మాకు." సర్జన్ ఫీజు ఎంత అని అడిగినవాళ్లు అరుదు. అసలు దెబ్బ అక్కడే. గదిని బట్టి సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు అన్నీ మారతాయి. అన్ని కంపెనీలూ అమ్మే ఆరోగ్య సంజీవని అనే పాలసీ 5 లక్షలకు తీసుకున్నారనుకోండి. గది అద్దె పరిమితి రోజుకి 5,000. మీరు 8,000 గది తీసుకుంటే పోయేది పైన 3,000 మాత్రమే అనుకుంటారు. కాదు, గదిని బట్టి మారే చార్జీలన్నిటిలోనూ ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అవి 1,20,000 అయితే వచ్చేది 75,000, మీ జేబులోంచి పోయేది 45,000. ఆ పైన 5 శాతం కో-పే, అంటే వచ్చే క్లెయిమ్‌లో ఆ వాటా కూడా మీరే కట్టాలి. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఈ కోత లేదు. గదిని బట్టి రేటు మార్చని ఆసుపత్రిలో అసలు కోత పెట్టకూడదు.

ఇంతకీ ఆరోగ్య సంజీవని నాకు నచ్చిన సంస్కరణ. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే పేరుతో, ఒకే షరతులతో అమ్మాలి, రేటు మాత్రం ఎవరిది వాళ్లది. పక్కపక్కన పెట్టి చూడగలిగే సరుకు ఇదొక్కటే. కమిషన్ తక్కువ కాబట్టి మా ఏజెంట్లు దీన్ని చూపించరు. ఆ మాట కూడా నేనే చెప్పాలి.

అపోహ: అమెరికాలోలా హెల్త్ సేవింగ్స్ అకౌంట్ పెడితే జనం ఖర్చు తగ్గించుకుంటారు.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా దీని గురించే చెబుతాడు. 2003 చట్టంతో వచ్చింది. డిడక్టిబుల్ (పాలసీ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) ఎక్కువున్న పాలసీతో పాటు, వైద్యానికి దాచుకునే పన్ను లేని ఖాతా. జీతం బాగుండి, జబ్బులు లేనివాడికి అద్భుతమే. 1970లలో అక్కడి ర్యాండ్ సంస్థ చేసిన పెద్ద ప్రయోగంలో, సొంత డబ్బు కట్టాల్సొస్తే జనం వైద్యం తక్కువగా వాడతారని తేలింది. అయితే అనవసరమైనదాంతో పాటు అవసరమైనదీ మానేశారు. మన దగ్గర షుగర్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

అపోహ: జీఎస్టీ తీసేశారు, ప్రీమియం 18 శాతం తగ్గింది.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ పాలసీలకు జీఎస్టీ సున్నా. గ్రూపు పాలసీలకు ఉంది. 118లో 18 పోతే తగ్గేది పదిహేను శాతం చిల్లర. కంపెనీలకు ఇన్‌పుట్ క్రెడిట్ (తమ ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు) కూడా పోయింది కాబట్టి మూల ప్రీమియం మీద ఓ కన్నేసి ఉంచండి.

అపోహ: ఆరోగ్యశ్రీ ప్రభుత్వ పథకం, మార్కెట్‌తో సంబంధం లేదు.

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పుడు నడిపింది ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీయే. ప్రభుత్వ ట్రస్ట్ ఆసుపత్రులకు నేరుగా చెల్లించడం తర్వాత వచ్చింది. ఈ రోజుకీ డబ్బు ప్రభుత్వానిది, బెడ్ ఎక్కువగా ప్రైవేటుది, ఆసుపత్రి ఎంపిక పేషెంటుది. రేటు మాత్రం ప్యాకేజీగా ముందే ఖాయం. ఇంతకంటే మార్కెట్ ఏముంటుంది? బకాయిలు పేరుకుంటే ఆసుపత్రులు సేవలు ఆపేస్తాయి, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అదే ఏడాది సెప్టెంబరులో ఏపీ మంత్రివర్గం రెండున్నర లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన ట్రస్ట్ చెల్లించే పద్ధతికి ఒప్పుకుంది. ట్రస్ట్‌కి వెసులుబాటు చెల్లింపు ఆలస్యం చేయడంలో ఉంటే, కంపెనీకి లాభం క్లెయిమ్ ఆపడంలో ఉంటుంది. తిరస్కరణల సంఖ్య నెలనెలా జిల్లాలవారీగా బయటపెట్టకపోతే ఏది మెరుగో మనకి తెలిసే దారి లేదు.

అపోహ: కంపెనీ నచ్చకపోతే పోర్ట్ అయిపోవచ్చు.

2011 అక్టోబరు నుంచి ఆ హక్కుంది. పాత వెయిటింగ్ కాలం కలిసొస్తుంది, పాత పాలసీలో ఉన్న బీమా మొత్తం వరకే. కానీ కొత్త కంపెనీ మిమ్మల్ని తీసుకోనని చెప్పొచ్చు. పోయినేడాది మా వీధిలోని బాబాయి గారు రెన్యూవల్‌కి వారం ముందు వచ్చారు. "వీళ్లు ప్రీమియం పెంచేశారమ్మా, వేరే దాంట్లోకి మార్చెయ్." ఆయనకి అంతకు రెండు నెలల ముందే స్టెంట్ పడింది. మూడు కంపెనీలకి పంపాను, మూడూ వద్దన్నాయి. చివరికి పెరిగిన ప్రీమియమే కట్టించి పాత పాలసీ నిలబెట్టాను. వాళ్లబ్బాయికి ముప్పై నాలుగు. అతని పాలసీకి మాత్రం రెన్యూవల్‌కి రెండు నెలల ముందే పోర్టింగ్ మొదలుపెట్టాను, నాలుగు రోజుల్లో ఒప్పుకున్నారు.