ఒకే మెమరీ, వేర్వేరు చిరునామాలు

వేరే రకం కంప్యూటర్‌లో పీసీ సాఫ్ట్‌వేర్ నడపడానికి పీసీని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాం చాలదా, ప్రత్యేకంగా బోర్డు ఎందుకు అమర్చేవారు అని ఒక పాఠకుడు అడిగారు. 1980లలో అది చాలేది కాదు. ఒక్క పీసీ ఆదేశాన్ని అనుకరించడానికి ఆ యంత్రం తన సొంత ఆదేశాలను ఎన్నింటినో ఖర్చు చేయవలసి వచ్చేది. అందుకే కొమడోర్ సంస్థ తన అమీగా 2000 కంప్యూటర్ కోసం ఏ2088 అనే బ్రిడ్జ్‌బోర్డును తయారుచేసి, ఐబీఎం పీసీలో ఉండే 8088 ప్రాసెసర్‌నే, అదే 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో, దాని మీద పెట్టింది.

ప్రాసెసర్‌ను పెట్టడం సులువైన భాగం. అసలు కష్టమంతా తెర దగ్గర ఉంది. పీసీ ప్రోగ్రాములు చాలావరకు, తెర వంటి భాగాలను నడిపే పీసీ మూల ప్రోగ్రాం అయిన బయాస్‌ను అడగకుండా, వేగం కోసం నేరుగా వీడియో మెమరీలోనే రాసేవి. 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు, ఒక్కో గడిలో అక్షరానికి ఒక బైటు, రంగుకు మరొకటి, వెరసి 4,000 బైట్లు. బ్రిడ్జ్‌బోర్డులో ఆ స్థానంలో ఉన్నది రెండు వైపుల నుంచీ అందే ఉమ్మడి మెమరీ. 8088 అందులో రాసినదాన్ని అమీగాలోని 68000 ప్రాసెసర్ చదివి తన తెర మీద గీస్తుంది.

ఇక్కడ ఒక అద్భుతమైన చిక్కు ఎదురవుతుంది. 258 అంటే ఒక 256, పైన 2. దీన్ని 8088 ముందు 2, తరువాత 1గా దాస్తుంది. పెద్ద భాగమే ముందుంటుందని భావించే 68000 దాన్ని 513గా చదువుతుంది. బైట్ల వరుసను మార్చి అందిస్తే సంఖ్య సరిపడుతుంది గాని, అదే మెమరీలో పక్కపక్కన ఉన్న అక్షరాలు తారుమారవుతాయి. ఆ రెండు బైట్లు సంఖ్యో, అక్షరాలో మెమరీకి ఏనాటికీ తెలియదు. చదివే ప్రోగ్రాంకే తెలుసు. పాఠాల్లో బైట్ల క్రమాన్ని ఒక నిర్వచనంగా కంఠస్థం చేయించి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాని ప్రాణమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

బోర్డు రూపకర్తలు ఆ నిర్ణయాన్ని చిరునామాకే, అంటే మెమరీలో ఎక్కడ చదవాలో చెప్పే సంఖ్యకే, అప్పగించారు. ఒకే ఉమ్మడి మెమరీ 68000కు వేర్వేరు చిరునామాల వద్ద వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది: ఒకచోట బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా, మరొకచోట జంటజంటగా తారుమారై, ఇంకొకచోట బొమ్మలకు అనువుగా. పీసీ రంగుల తెరలో ఒక చుక్కకు చెందిన రెండు బిట్లు పక్కపక్కనే ఉంటాయి. అమీగాలో అవి రెండు వేర్వేరు పొరల్లో ఉండాలి. మూడో చిరునామా గుండా చదివితే, ప్రోగ్రాం ఒక్కొక్క బిట్టునూ ఏరుకోకుండానే, ఆ రెండు రకాల బిట్లూ విడివిడిగా చేతికందుతాయి.