తేలు కుట్టిన దొంగ రివ్యూ రాయడు: స్ట్రిప్ క్లబ్ రేటింగుల మీద అపోహలు, వాస్తవాలు

నేను లాస్ వేగస్‌లో రివ్యూల పని చేస్తా. అంటే రెస్టారెంట్లు, సెలూన్లు, హుక్కా లౌంజ్‌లు, ఈమధ్య కొన్నేళ్ళుగా నైట్‌లైఫ్ వాళ్ళు కూడా, వీళ్ళ గూగుల్, యెల్ప్ పేజీలు చూసుకోవడం, వచ్చిన రివ్యూలకి ఓనర్ తరఫున జవాబులు రాయడం, ఫేక్ అనిపించినవి ఫ్లాగ్ కొట్టడం. ఇంట్లో మాత్రం డిజిటల్ మార్కెటింగ్ అని చెప్పా, అమ్మకి ఆ మాట చాలు. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే డల్లాస్ నుంచో బే ఏరియా నుంచో ఎవడో ఒకడు మెసేజ్ పెడతాడు, "అన్నా, మా వాడి పెళ్ళి, ఆరుగురం వస్తున్నాం, ఈ క్లబ్‌కి 4.6 ఉంది, వెళ్ళొచ్చా?" అని. అదే జవాబు టైప్ చేసీ చేసీ వేళ్ళు అరిగిపోయాయి, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. వెళ్ళమనీ అనట్లేదు వద్దనీ అనట్లేదు, గడ్డాలు మీసాలు వచ్చినోళ్ళు, మీ ఇష్టం.

అపోహ: రెండు వేల రివ్యూలు, 4.6 రేటింగ్ అంటే ఇంక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: బిర్యానీలో ముక్క తక్కువైతే మనవాడు టేబుల్ మీద నుంచి లేవకముందే వన్ స్టార్ కొట్టేస్తాడు. అదే స్ట్రిప్ క్లబ్‌లో రెండు వేల డాలర్లు పోయాయనుకోండి, రాస్తాడా? సెట్టింగుల్లో మీరు మార్చుకోకపోతే గూగుల్ రివ్యూ కింద మీ జీమెయిల్ పేరు, ఫొటో పడతాయి, అదే పేరుతో మీరు మొన్న గుడికీ పిల్లల డెంటిస్టుకీ రివ్యూ రాసుంటారు, మీ పేరు నొక్కితే అన్నీ వరసగా కనిపిస్తాయి. కాబట్టి దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఫ్లైట్ ఎక్కేస్తాడు. ఈ ఫీల్డ్‌లో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే, బాగా నష్టపోయినోళ్ళే రాయరు. మరి రాసేదెవరు? జంటగా సరదాకి వచ్చి గంట కూర్చుని రెండు డ్రింకులు తాగి వెళ్ళినవాళ్ళు, బ్యాచిలరెట్ పార్టీకి వచ్చిన అమ్మాయిల గుంపులు, క్లబ్ పంపిన ఫ్రీ లిమో ఎక్కి ఉత్సాహంలో ఉన్నవాళ్ళు, స్టాఫ్, స్టాఫ్ ఫ్రెండ్స్, పక్క క్లబ్ వాళ్ళు, ఇంకా ఒళ్ళు మండిపోయి పరువు సంగతి కూడా పట్టించుకోని కొద్దిమంది. ఈ గుంపంతా కలిసి ఇచ్చిన సగటే మీకు కనిపించే 4.6.

మా బాబాయ్ కొడుకు బ్యాచ్ సంగతి చెప్తా. రెండేళ్ళ కిందట వచ్చారు, నన్ను అడగలేదు, అడిగితే ఇంట్లో తెలుస్తుందని భయం. వీఐపీ రూమ్ మూడొందలు అంటే రాత్రంతటికీ అనుకున్నారు, అది అరగంటకి, పైన బాటిల్ వేరే, దాని మీద సర్వీస్ ఛార్జ్ వేరే, తెల్లారి ఫోన్లో చూసుకుంటే ఇరవై ఏడు వందల డాలర్లు. ఆరుగురిలో ఒక్కడంటే ఒక్కడు ఒక్క ముక్క రాయలేదు. కాదు కాదు, ఒకడు రాశాడు, క్లబ్‌కి వెళ్ళేటప్పుడే లిమోలో కూర్చుని, "డ్రైవర్ సూపర్, సర్వీస్ టాప్" అని ఫైవ్ స్టార్.

అపోహ: క్యాబ్ డ్రైవర్ లోకల్, రోజూ చూస్తుంటాడు, వాడి మాట రివ్యూ కన్నా నయం.

వాస్తవం: వేగస్‌లో కస్టమర్‌ని తెచ్చినందుకు క్లబ్బులు డ్రైవర్‌కి తలకి ఇంత అని డబ్బులివ్వడం ఎప్పటినుంచో ఉన్న వ్యవహారం, ఈ ఊళ్ళో అదేం రహస్యం కాదు. అందుకే మీరొక క్లబ్ పేరు చెప్తే "అది ఇవాళ డల్ సార్, రివ్యూలు కూడా బాలేవు, ఇంకోటి చూపిస్తా" అంటాడు. ప్యాసింజర్ చెప్పిన చోటు నుంచి ఇంకో చోటికి అలా మళ్ళించడం నెవాడా ట్యాక్సీ చట్టం ప్రకారం తప్పు, అయినా మీటర్ ఆపి ఎవడు కేసు పెడతాడు చెప్పండి. ఆ తలకి ఇచ్చిన డబ్బు చివరికి మీ ఎంట్రీలోనో డ్రింకులోనో కలిసే వస్తుంది. నేరుగా క్లబ్‌కి ఫోన్ చేస్తే చాలా చోట్ల వాళ్ళే బండి పంపిస్తారు, మధ్యలో కమీషన్ లేదు కాబట్టి ఎంట్రీ కూడా తగ్గిస్తారు. అలాగని ఆ బండి ధర్మానికి తిప్పుతున్నారని కాదు. మనవాళ్ళు "ఫ్రీ" అన్న మాట దగ్గరే సగం రివ్యూ రాసేస్తారు, లోపల ఏం జరిగిందో రాసే టైమ్‌కి ఛార్జింగ్ ఉండదు, మూడ్ ఉండదు.

అపోహ: వన్ స్టార్ రివ్యూలు ఎక్కువుంటే క్లబ్ మోసం.

వాస్తవం: ఆ వన్ స్టార్లు దేని మీదో చదవండి ముందు. "లోపల మందు లేదు, పెద్ద చీటింగ్" అని వారానికొకటి వస్తుంది. అది క్లబ్ చేసింది కాదు, చట్టం. వేగస్‌లో మందు అమ్మేవి టాప్‌లెస్ క్లబ్బులు, వాటిలోకి 21 దాటినోళ్ళకే ఎంట్రీ, పూర్తి న్యూడ్ క్లబ్బుల్లో మందు ఉండదు. నార్త్ లాస్ వేగస్‌లో 1969 నుంచి ఉన్న పలోమినో ఒక్కటే పాత లైసెన్సు పుణ్యాన రెండూ నడుపుతుంది. టెక్సస్ వెళ్తే ఇంకో కథ, అక్కడ న్యూడ్ క్లబ్‌కి లిక్కర్ లైసెన్స్ ఉండదు, మీ బాటిల్ మీరే పట్టుకెళ్ళాలి, ఈ సంగతి తెలీక వేగస్ అలవాటుతో వెళ్ళినోళ్ళు గొడవపడి వన్ స్టార్ ఇస్తారు. సియాటిల్ వైపైతే 2024లో చట్టం మారేదాకా స్ట్రిప్ క్లబ్‌లో మందు అనేదే లేదు, కాబట్టి అక్కడ అంతకుముందు రాసిన మందు తిట్లన్నీ పక్కన పడేయొచ్చు.

పాత రివ్యూల గొడవ ఇంకోటుంది. డల్లాస్‌లో 2022 జనవరిలో సిటీ కౌన్సిల్ ఇలాంటి క్లబ్బులు రాత్రి 2 నుంచి 6 దాకా మూసేయాలని రూల్ పెట్టింది, క్లబ్బుల వాళ్ళు కోర్టుకెళ్ళారు, 2023లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు సిటీ వైపే మొగ్గింది. అయినా ఇర్వింగ్, ఫ్రిస్కో నుంచి మనవాళ్ళు ఏ 2019 నాటి "నాలుగు దాకా ఓపెన్, అదిరింది" రివ్యూనో చూసి అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు.

డాన్సర్ల గురించి రాసిన రివ్యూలైతే పెరుగు కన్నా తొందరగా పులుస్తాయి. వాళ్ళు నెలకో క్లబ్ మారతారు, ఊళ్ళే మారతారు, జనవరిలో సీఈఎస్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ షో వారం వస్తే దేశం నలుమూలల నుంచి దిగుతారు. మంగళవారం సాయంత్రం ఆరింటికి వెళ్ళినోడూ, అదే క్లబ్‌కి శనివారం అర్ధరాత్రి వెళ్ళినోడూ రెండు వేరే చోట్ల గురించి రాసినట్టే లెక్క.

అపోహ: గూగుల్‌లో 4.4, యెల్ప్‌లో 2.9 ఉంటే ఒకటి అబద్ధం.

వాస్తవం: రెండూ వాటి లెక్కలో కరెక్టే. గూగుల్ పేజీ మీద ఉన్న రివ్యూలన్నీ సగటులోకి వస్తాయి. యెల్ప్ అలా కాదు, దాని సాఫ్ట్‌వేర్ నమ్మకం లేదనుకున్నవాటిని కిందకి తోసేస్తుంది, అవి స్టార్ల లెక్కలోకి రావు, పేజీ అడుగున చిన్న అక్షరాల లింక్ నొక్కితేనే కనిపిస్తాయి. ఒక్క రివ్యూ రాసి మాయమైపోయిన అకౌంట్లు తరచూ అందులోకే పోతాయి. టూరిస్టులు ఎక్కువగా అలాంటోళ్ళే కాబట్టి నిజమైనవీ కొన్ని అక్కడే పడుంటాయి. నేను ముందు ఆ అడుగు చెత్తే చదువుతా, మా ఆఫీసులో నవ్వుతారు గానీ బిల్లుల సంగతులు అక్కడ బాగా దొరుకుతాయి.

అపోహ: ఫొటో ఉన్న రివ్యూ, మనిషి పేరు పెట్టి పొగిడిన రివ్యూ నిజమైనవి.

వాస్తవం: ఈ చిట్కా హోటళ్ళకి పనికొస్తుంది. ఇక్కడ లోపల ఫోన్ బయటికి తీస్తే బౌన్సర్ భుజం మీద చెయ్యేస్తాడు, కాబట్టి కస్టమర్ తీసిన ఫొటో అంటే బయట బోర్డూ, లిమో సీటూ, అంతే. లోపలి ఫొటో నీట్‌గా ఉందంటే పెట్టింది క్లబ్ మనిషే. పేరు పెట్టి పొగిడేవి ఇంకా తమాషా. "ఫలానా హోస్ట్ మమ్మల్ని రాజుల్లా చూసుకున్నాడు" అని ఒకే వారంలో పదిహేను వచ్చాయంటే ఆ హోస్ట్ బండి దగ్గర నిలబడి ఫోన్ చేతిలో పెట్టి రాయించుకుంటున్నాడని అర్థం, కొన్ని చోట్ల పేరు పడిన రివ్యూకి ఇంత అని లెక్క కూడా కడతారు.

మన వైపు నుంచి వచ్చేవీ ఉన్నాయండోయ్. టెలిగ్రామ్‌లో "గూగుల్ మ్యాప్స్‌లో ఫైవ్ స్టార్ కొట్టండి, రేటింగ్‌కి యాభై రూపాయలు" అని పార్ట్ టైమ్ జాబ్ మెసేజ్‌లు మీకూ వచ్చే ఉంటాయి, మొదట రెండు మూడు వందలు ఇచ్చి తర్వాత లక్షలు గుంజే మోసం అది, హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు చెప్పీ చెప్పీ అలిసిపోయారు. ఒకసారి మా క్లయింట్ పేజీలో ఒక ఫైవ్ స్టార్ ప్రొఫైల్ నొక్కి చూశా, ఒకే రోజు కరీంనగర్‌లో కళ్ళజోళ్ళ షాపు, లిస్బన్‌లో హాస్టల్, వేగస్‌లో స్ట్రిప్ క్లబ్, మూడింటికీ "వెరీ నైస్ ఫ్యామిలీ ప్లేస్".

అపోహ: ఇప్పుడు చట్టం వచ్చింది కదా, ఫేక్ రివ్యూలు పోయాయి.

వాస్తవం: అమెరికాలో ఎఫ్‌టీసీ (కస్టమర్లని మోసాల నుంచి కాపాడే ప్రభుత్వ సంస్థ) రూల్ 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లో ఉంది, ఫేక్ రివ్యూలు కొనడం, అమ్మడం, మేనేజర్లు తామెవరో చెప్పకుండా రాయడం, బెదిరించి తీయించడం, అన్నీ నేరుగా తప్పే, ఒక్కో ఉల్లంఘనకి 50 వేల డాలర్లు దాటి ఫైన్ పడొచ్చు. పెద్ద కంపెనీలు కొంచెం భయపడ్డాయి, ఇలాంటి చోట్ల మాత్రం భాష మారింది అంతే, "ఫైవ్ స్టార్ ఇవ్వండి" బదులు "మీ అనుభవం పంచుకోండి" అంటున్నారు, నవ్వుతూ పక్కనే నిలబడి.

అపోహ: డాన్సర్లు డబ్బుల కోసం వెంటపడుతున్నారని రివ్యూల్లో ఉంటే అది చెత్త క్లబ్.

వాస్తవం: ఇది కొంచెం ఓపిగ్గా వినండి. చాలా క్లబ్బుల్లో డాన్సర్‌కి జీతం ఉండదు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ అంటారు, ఆవిడే క్లబ్‌కి హౌస్ ఫీజు కట్టి లోపలికి రావాలి, వచ్చిన టిప్పుల్లో డీజేకీ హౌస్ మామ్‌కీ (డ్రెస్సింగ్ రూమ్‌లో డాన్సర్లని చూసుకునే ఆవిడ) బౌన్సర్లకీ పంచాలి. అంటే షిఫ్ట్ మొదలయ్యేసరికే ఆవిడ మైనస్‌లో ఉంది. ఒక్క సోడా పట్టుకుని మూడు గంటలు కూర్చున్నోడు "పలకరించలేదు" అనీ, "మాటిమాటికీ అడుగుతున్నారు" అనీ రెండూ రాస్తాడు, నేనే జవాబులు రాశా రెండిటికీ. వాషింగ్టన్ రాష్ట్రంలో 2024లో తెచ్చిన చట్టంలో ఈ ఫీజుకి పరిమితి పెట్టారు, షిఫ్ట్‌కి 150 డాలర్లు లేదా ఆవిడ సంపాదనలో 30 శాతం, ఏది తక్కువైతే అది. లాస్ ఏంజెలెస్‌లో స్టార్ గార్డెన్ క్లబ్ డాన్సర్లు భద్రత కోసం నెలల తరబడి పోరాడి 2023లో నాటకాల నటుల యూనియన్ అయిన యాక్టర్స్ ఈక్విటీలో చేరారు. నా లెక్కలో డాన్సర్లని సరిగ్గా చూసే క్లబ్ కస్టమర్ బిల్లు దగ్గర కూడా కొంచెం పద్ధతిగా ఉంటుంది, ఇది రూలేం కాదు, ఇన్నేళ్ళలో నేను చూసింది. కాబట్టి డాన్సర్లేం చెప్తున్నారన్నది స్టార్ల కన్నా పనికొచ్చే సమాచారం. ఇంకోటి, రివ్యూలో ఆవిడ పచ్చబొట్టు ఎక్కడుంది, ఏ కార్ నడుపుతుంది లాంటివి రాసే వెధవలున్నారు, అవి కనిపిస్తే ఫ్లాగ్ కొట్టండి, వెంటపడేవాళ్ళకి అదే అడ్రస్ అవుతుంది.

అపోహ: ఎక్కువ లాగితే కార్డ్ కంపెనీకి ఫోన్ చేసి వెనక్కి తెచ్చుకుంటా.

వాస్తవం: పెద్ద బిల్లు అయితే కొన్ని క్లబ్బులు రసీదు మీద సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటాయి, ఐడీ కాపీ ఉంచుకుంటాయి, సరిగ్గా మీ ఫోన్ కాల్ కోసమే. 2003లో న్యూయార్క్‌లో ఒక కంపెనీ సీఈఓ కార్డ్ మీద ఒక్క రాత్రికి 2 లక్షల 41 వేల డాలర్ల బిల్లు పడింది, ఆయన అంత కాలేదన్నాడు, క్లబ్ అయిందన్నది, చివరికి కార్డ్ కంపెనీ ఆయన మీదే దావా వేసింది. సీఈఓ సంగతే అలా ఉంటే హెచ్‌వన్‌బీ మీద ఉన్న మనోడు పోలీసుల పేరెత్తితేనే వీసా గుర్తొచ్చి వణుకుతాడు, ఆ వణుకు క్లబ్ వాళ్ళకీ తెలుసు.

మరి నేనైతే ఎలా చూస్తానంటారా. స్టార్లు అసలు చూడను. గూగుల్ రివ్యూల్లో వెతికే డబ్బా ఉంటుంది, అందులో కార్డ్, ఏటీఎం, ఛార్జ్, వీఐపీ, బిల్ అని ఇంగ్లీషులో ఒక్కోటి కొడతా, గత మూడు నెలలవే చదువుతా. రెండు, మూడు స్టార్లిచ్చినోళ్ళు బంగారం, వాళ్ళకి కోపం లేదు, మొహమాటమూ లేదు, "ఏటీఎం ఫీజు ఇంత తీశారు, లోపల డబ్బుల బదులు వాడే క్లబ్ కూపన్ల మీద పది శాతం పట్టుకున్నారు" అని లెక్క రాస్తారు. ఒకే లెక్క ముగ్గురు వేరే వేరే నెలల్లో రాశారంటే అది నిజం. తర్వాత ఓనర్ జవాబులు, "మాకు ఫోన్ చేయండి" అని అందరికీ ఒకటే అతికించాడా, లేక ఆ తేదీ, ఆ బిల్లు గురించి మాట్లాడాడా చూస్తా. (అతికించేది నాలాంటోడే, కాబట్టి గుర్తుపట్టగలను.) లోపలికి వెళ్ళాక వీఐపీ అంటే ఎంతసేపటికి, బాటిల్ కలిపా, టిప్ కలిపా అని అడిగి, క్యాష్ ఎంత పోయినా పర్లేదో అంతే జేబులో పెట్టుకుని కార్డ్ హోటల్ రూమ్ లాకర్లో వదిలేయడం, ఇది ఏ రివ్యూలోనూ ఉండదు.

మా బాబాయ్ కొడుకు బ్యాచ్‌లో లిమోలో రాసినోడి ఫైవ్ స్టార్ ఇంకా అలాగే ఉంది, దానికి పద్నాలుగు మంది లైక్ కూడా కొట్టారు. తీసేయరా బాబూ అని మూడుసార్లు చెప్పా, పాస్‌వర్డ్ మర్చిపోయాడట.