చౌడును తట్టుకునే మొక్కలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల రైతులకు మట్టి పరీక్ష ఫలితాలను వివరించడం నా వృత్తి కావడంతో, చౌడు నేలల్లో పెరిగే మొక్కల గురించి తరచుగా వినిపించే కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ఈ మొక్కలకు ఉప్పే ఆహారం.

వాస్తవం: తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు అంచున ఉప్పు పేరుకున్న బురదలో పెరిగే సువేడా మొక్కలను చూస్తే ఎవరికైనా ఈ భ్రమ కలుగుతుంది. వాటి ఆకులు సన్నగా, గుండ్రంగా, నీరు నిండి ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే వచ్చే రసం ఉప్పగా ఉంటుంది. కొంత ఉప్పు ఉంటే సువేడా మరింత ఏపుగా పెరుగుతుందన్న మాట నిజమే. అయినా ఇటువంటి మొక్కల్లో చాలా జాతులు మంచి నేలలోనూ పెరగగలవు. అక్కడ ఇతర మొక్కల పోటీకి నిలవలేకనే చౌడులో మాత్రమే మనకు కనిపిస్తాయి.

అసలు విశేషం కణం లోపల ఉంది. సువేడా వంటి మొక్కల ఎంజైములను వేరు చేసి ఉప్పు ద్రావణంలో పరీక్షించినప్పుడు, అవి కూడా మామూలు పంటల ఎంజైముల మాదిరిగానే దెబ్బతింటాయని 1970ల నాటికే తేలింది. అంటే మొక్క ఉప్పుకు అలవాటు పడలేదు, ఉప్పును ఆ ఎంజైముల దగ్గరకు చేరనివ్వడం లేదు. లోపలికి వచ్చిన సోడియంను కణంలో నీటి సంచిలా ఉండే రిక్తికలోకి నెట్టి అక్కడే బంధిస్తుంది. ఆ రిక్తిక తన చుట్టూ ఉన్న కణద్రవ్యంలోని నీటిని లాగేసుకోకుండా బీటైన్, ప్రోలిన్ వంటి హానిచేయని పదార్థాలను కణద్రవ్యంలో తయారు చేసుకుంటుంది. ఈ పనులన్నిటికీ శక్తి ఖర్చవుతుంది. అన్ని జాతులదీ ఇదే పద్ధతి కాదు: కోరింగ అడవుల్లోని మడ చెట్లలో కొన్ని ఉప్పును చాలావరకు వేళ్ల దగ్గరే ఆపివేస్తాయి, మరికొన్ని ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు పంపుతాయి. ఎండకు ఆ ఆకుల మీద తెల్లని ఉప్పు రవ్వలు తేలుతాయి.

అపోహ: ఉప్పు మొక్కను మాడ్చి చంపుతుంది కనుక ఎక్కువ నీళ్లు పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఆకు అంచులు మాడడం తరువాతి దశ. మొదట వచ్చేది దాహం. మట్టిలోని నీటిలో లవణాలు పెరిగేకొద్దీ వేరు ఆ నీటిని పీల్చుకోలేదు, అందువల్ల తడి ఉన్న మడిలోనే మొక్క వాడిపోతుంది. ఇక బోరు నీరే ఉప్పగా ఉంటే నష్టం రెట్టింపు అవుతుంది. లవణ సూచిక (కరిగి ఉన్న ఉప్పు ఎంతో తెలిపే ఈసీ కొలత, డెసీసీమెన్స్/మీటరులో) 2 ఉన్న నీటిని ఎకరానికి 5 సెంటీమీటర్ల లోతున పెట్టామనుకుందాం. అది సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు దాదాపు 1.3 గ్రాముల చొప్పున ఒక్క తడికే 250 కిలోలకు పైగా ఉప్పు పొలంలోకి చేరుతుంది. మట్టి లవణ సూచిక సుమారు 3 దాటితేనే వేరుశనగ దిగుబడి తగ్గడం మొదలవుతుంది. బార్లీ 8 వరకు తట్టుకుంటుంది.

అపోహ: ఉప్పు మొక్కలను నాటితే నేల దానంతట అదే బాగవుతుంది.

వాస్తవం: కోసి పొలం బయటకు తీసుకుపోకపోతే రాలిన ఆకులతో ఉప్పు తిరిగి అక్కడికే చేరుతుంది. తీసుకుపోయినా, ఏటా నీటితో వచ్చి పడే ఉప్పుతో పోలిస్తే అది స్వల్పమే. ఉప్పు నీటిని పొలం బయటకు పంపే మురుగు కాలువకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

అపోహ: చౌడును తట్టుకునే వరి రకం వేస్తే ఇక దిగులు లేదు.

వాస్తవం: తట్టుకునే శక్తి అన్ని దశల్లో ఒకేలా ఉండదు. మొలకెత్తేటప్పుడు, పిలకలు వేసేటప్పుడు వరి ఓర్చుకుంటుంది కానీ లేత నారు దశలోను, పూత దశలోను తేలికగా దెబ్బతింటుంది. అందుకే చౌడు మడుల్లో కాస్త ముదురు నారును కుదురుకు ఎక్కువ మొక్కల చొప్పున నాటమంటారు.

అపోహ: ఏ చౌడుకైనా జిప్సమే మందు.

వాస్తవం: వేరుశనగకు పూత దశలో జిప్సం వేసే అలవాటు మన వైపు ఉండడం వల్ల కాబోలు, ఈ నమ్మకం బలంగా పాతుకుపోయింది. ఉదజని సూచిక (pH) 8.5 దాటి, సోడియం ఎక్కువై, నీరు ఇంకని కారు చౌడుకు జిప్సం అవసరం. లవణ సూచిక 4 దాటి, తెల్లని పొర తేలే పాలచౌడుకు కావలసినవి మంచి నీరు, ఆ నీరు ఉప్పును కరిగించుకుని బయటకు పోయే దారి.