ఇరవై చోట్ల కనిపించే ఒక్క మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో ఒకరు రాసిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "ఒక సంగతి ఇంటర్నెట్‌లో ఇరవై చోట్ల ఒకేలా రాసి ఉంది. ఇరవై మందీ కలిసి అబద్ధం చెబుతారా తాతయ్యా?" అని అడిగారు. చెప్పరు. అంతమంది కూడబలుక్కుని అబద్ధమాడడం చాలా అరుదు. సాధారణంగా జరిగేది వేరు. ఒకరు యథాలాపంగా అన్న మాటను మిగిలిన పంతొమ్మిది మందీ ఏ దురుద్దేశమూ లేకుండానే ఎత్తి రాసుకుంటారు. ఇది ఎలా జరుగుతుందో తేదీలతో సహా బయటపడిన ఉదంతం ఒకటి ఉంది.

దక్షిణ అమెరికా అడవుల్లో కొవాటి అనే జంతువు తిరుగుతుంది. పొడుగాటి మూతి, చారల తోక ఉండే ఈ జంతువు, అమెరికాలో కనబడే రకూన్ అనే జంతువుకు దగ్గరి బంధువు. ఆర్డ్‌వార్క్ పూర్తిగా వేరే జాతి. చీమలనూ చెదపురుగులనూ తిని బతికే ఆ జీవి ఆఫ్రికా ఖండంలో తప్ప మరెక్కడా లేదు. న్యూయార్క్‌కు చెందిన 17 ఏళ్ళ విద్యార్థి ఒకడు తన సోదరుడితో కలిసి బ్రెజిల్‌లోని ఇగువాసు జలపాతాలు చూడడానికి వెళ్ళి, అక్కడ కనబడిన కొవాటిలను ఆర్డ్‌వార్క్‌లనుకున్నాడు. తరువాత తన పొరపాటు తెలిసింది. దానిమీద తనలో తాను నవ్వుకోవడానికి, 2008 జూలైలో వికీపీడియాలోని కొవాటి వ్యాసంలో 'దీనిని బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారు' అన్న అర్థం వచ్చే ముక్క ఒకటి చేర్చాడు. ఆధారం చూపలేదు కనుక ఎవరో ఒకరు దాన్ని గమనించి తీసివేస్తారని అనుకున్నాడు.

ఎవరూ తీసివేయలేదు. ఏడాది తరువాత అతడు వెతికి చూస్తే ఆ పేరు వందలాది వెబ్‌సైట్లలో కనబడింది. ఆపైన బ్రిటన్ దినపత్రికలలోకీ, చికాగో విశ్వవిద్యాలయం ప్రచురించిన ఒక పుస్తకంలోకీ ఎక్కింది. అసలు విచిత్రం ఆ తరువాతిది. వికీపీడియాలో ఆ ముక్కకు ఆధారంగా బ్రిటన్‌లోని టెలిగ్రాఫ్ పత్రికలో 2010లో వచ్చిన ఒక వార్తను చూపించారు. ముక్క 2008లోనే పుట్టింది, సాక్ష్యం 2010లో పుట్టింది. కొడుకును చూపించి తండ్రి పుట్టుకకు సాక్షి ఇతడే అన్నట్టుంది ఈ వ్యవహారం. 2014లో న్యూయార్కర్ పత్రిక ఈ కథంతా బయటపెట్టింది. అయితే అప్పటికే ఆ పేరును కొందరు నిజంగానే వాడుతున్నారు. అందువల్ల 'అలా కూడా అంటారు' అన్న వాక్యం అబద్ధమని గట్టిగా అనడానికి కూడా వీలు లేకుండా పోయింది!

ఇది చిలిపి పని కదా, పెద్దలు, పండితులు ఇలా చేయరు కదా అని మీకు అనిపించవచ్చు. అందుకే పాలకూర సంగతి చెప్పాలి. దాని గురించి నాకు మరింత ఆసక్తి, ఎందుకంటే నేను రసాయనశాస్త్రం బోధించినవాణ్ని.

పాలకూరలో ఇనుము విపరీతంగా ఉంటుందన్న నమ్మకం పాతది. దానికి విరుగుడుగా చెప్పే కథ కూడా మీరు వినే ఉంటారు: పందొమ్మిదో శతాబ్దంలో ఒక జర్మన్ శాస్త్రజ్ఞుడు లెక్క రాసేటప్పుడు దశాంశ బిందువు పక్కకు జారిందనీ, దానితో ఇనుము పది రెట్లు ఎక్కువగా నమోదైందనీ, ఆ తప్పుడు అంకె చూసే, పొపాయ్ అనే నావికుడి బొమ్మల కథలో అతడు బలం కోసం తినే ఆహారంగా పాలకూరను పెట్టారనీ ఆ కథ. పాలకూర పప్పు అంటే ముఖం ముడుచుకునే పిల్లలకు ఇంతకంటె ఇష్టమైన విజ్ఞాన కథ ఉండదు. బ్రిటన్ రక్తవ్యాధి నిపుణుడు టెరెన్స్ హాంబ్లిన్ 1981 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ కథను రాశారు. అది పండుగ రోజులలో కాస్త సరదా రచనలకు చోటిచ్చే క్రిస్మస్ సంచిక. దశాంశ బిందువు మాటకు ఆయన ఏ ఆధారమూ చూపలేదు. ఆ తరువాత పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు, వెబ్‌సైట్లు దాన్ని రుజువైన చరిత్రగా చెప్పుకుంటూ వచ్చాయి.

నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ సటన్ 2010లో ఈ కథ పుట్టుపూర్వోత్తరాలు తవ్వారు. దశాంశ బిందువు జారిందనడానికి పాత పత్రాలలో ఆయనకు ఆధారం దొరకలేదు. పొపాయ్ సైతం 1932 నాటి బొమ్మల కథలో పాలకూర తినడానికి చెప్పిన కారణం విటమిన్ ఎ, ఇనుము కాదు. హాంబ్లిన్ కంటె ముందు, 1970లలోనే, లండన్ పోషకాహార ఆచార్యుడు ఆర్నాల్డ్ బెండర్ దశాంశ బిందువు ప్రస్తావన తెచ్చారని కూడా తేలింది. బెండర్ మాత్రం పాలకూర కీర్తికి మూలం దశాంశ బిందువు పొరపాటులా కనిపిస్తోందని మాత్రమే అన్నారు. అది ఆయన ఊహ, దాన్ని ఊహగానే చెప్పారు. హాంబ్లిన్ చేతికి వచ్చేసరికి అది జరిగిన సంఘటనగా మారింది. మధ్యలో అబద్ధమాడినవారు ఎవరూ లేరు, ఒక్క 'కనిపిస్తోంది' మాత్రం రాలిపోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. నార్వేకు చెందిన ఓలే బ్యోర్న్ రెక్డాల్ 2014లో ఒక వ్యాసంలో చూపినట్టు, మూలాలు చూడకుండా రాయడం ఎంత ప్రమాదమో హెచ్చరించడానికే పండితులు ఈ పాలకూర కథను ఉదాహరణగా వాడుకుంటూ వచ్చారు, ఆ కథకు మూలం ఏమిటో చూడకుండానే. ఒక తప్పును దిద్దుతున్నామన్న భావన కలిగినప్పుడు మనిషి మరింత ఉదారంగా నమ్ముతాడు. 'మీరంతా అనుకున్నది తప్పు, అసలు సంగతి ఇది' అని మొదలయ్యే సందేశాలు ఫోన్లలో అంత వేగంగా పాకడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు తప్పనిసరి అన్న మాటకు కూడా ఇలాంటి చరిత్రే చెబుతారు. 1945లో అమెరికా ఆహార, పోషణ మండలి పెద్దవారికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు తగినదని రాసి, అందులో అధికభాగం తినే ఆహారంలోనే ఉంటుందని వెంటనే చేర్చింది. రెండో మాటను లోకం మరిచిపోయిందని అంటారు. ఎనిమిది గ్లాసుల మాట అక్కడి నుంచే పుట్టిందన్నది ఒక అంచనా, కనుక అంచనాగానే మీకు చెబుతున్నాను.

ఇప్పుడు పని సంగతి. వికీపీడియాలో, మన తెలుగు వికీపీడియాలో కూడా, ప్రతి వ్యాసానికీ పైన 'చరిత్ర' అనే భాగం ఉంటుంది. ఏ వాక్యాన్ని ఏ తేదీన ఏ వాడుకరి చేర్చారో అక్కడ తెలుస్తుంది. ఆ వాక్యానికి ఆధారంగా చూపిన వార్త తేదీని దానితో పోల్చండి. వార్త వాక్యం తరువాత వచ్చినదైతే దాన్ని సాక్ష్యంగా లెక్కించకండి. పుస్తకమైతే అడుగున ఇచ్చిన సూచిక పట్టుకుని ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి, అక్కడ మరొక సూచిక ఉంటే మరో మెట్టు. చాలాసార్లు రెండు, మూడు మెట్లకే దారి ఆగిపోతుంది. ఆగిన చోట ఒక కొలతో, ఒక ప్రయోగమో, కళ్ళారా చూసిన మనిషో ఉంటే సరే. 'అని ప్రతీతి' మాత్రమే ఉంటే ఇరవై చోట్లనూ ఒక్కటిగానే లెక్కవేయండి. మీరు ప్రశ్నలు అడిగే చాట్‌బాట్‌లకూ ఈ తనిఖీ వర్తిస్తుంది. అవి నేర్చుకున్నది ప్రధానంగా జనం రాసినదాన్ని చదివే కనుక, ఎక్కువసార్లు కనబడిన మాటను ఎక్కువ ధీమాగా చెప్పే అవకాశం ఉంది.

పాలకూరలో ఇనుము ఎంతో తెలుసుకోవాలంటే జర్మనీ దాకా వెళ్ళనవసరం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ఆహార పదార్థాలను సేకరించి, కొలిచి, 2017లో పట్టికలు ప్రచురించింది. పచ్చి పాలకూర 100 గ్రాములలో ఇనుము సుమారు 3 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆకులో పదింట తొమ్మిది వంతులు నీరే కనుక, ఎండబెట్టిన ఆకును తూస్తే అదే అంకె దాదాపు పది రెట్లవుతుంది. ఎవరైనా మీకు అంకె చెప్పినప్పుడు, అది పచ్చి ఆకుదా ఎండు ఆకుదా అని ముందుగా అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య