ముందు నువ్వెవరో చెప్పు: క్యాంపస్ అర్జీల వెనక ఎనిమిది వందల ఏళ్ల పేచీ

విశ్వవిద్యాలయంలో పనిచేసే మనిషి తన పని గురించి ఫిర్యాదు రాస్తే, చాలా చోట్ల ఆ కాగితం మీద 'త్రూ ప్రాపర్ ఛానెల్' అని రాయాలి. అంటే ముందు విభాగాధిపతి సంతకం కావాలి. ఫిర్యాదు ఆ విభాగాధిపతి మీదే అయినా ఆయన సంతకమే కావాలి. ఆయన మనసు కరిగి 'ఫార్వర్డెడ్' అని రాస్తే రిజిస్ట్రార్ ఆఫీసులో ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లి అడిగినా ఒకటే జవాబు: ఫైలు పైన ఉంది.

ఆ పైన కూర్చున్నవాళ్లు కాగితంలో ఏముందో చదవడానికి ముందు చూసేది కింది సంతకాన్ని. రాసింది ప్రొఫెసరా, గుమాస్తానా, కాంట్రాక్టు లెక్చరరా, ల్యాబ్‌లో పనిచేసే పరిశోధక విద్యార్థా? ఈ సంస్థలో భాగస్వామా, జీతగాడా? జీతం, సెలవు, వేధింపు, పనిభారం, ఏ సమస్యయినా ముందు ఈ గడప దాటాలి. ఈ పేచీ నిన్న మొన్నటిది కాదు, విశ్వవిద్యాలయాలతోనే పుట్టింది.

ఇప్పుడు మనం యూనివర్సిటీ అంటున్న మాట లాటిన్‌లోని 'యూనివర్సిటాస్' నుంచి వచ్చింది. అప్పట్లో దానికి చదువుతో సంబంధం లేదు. ఒక సంఘం, ఒక కట్టుగా ఉన్న జనం అని అర్థం. చెప్పులు కుట్టేవాళ్ల సంఘమైనా యూనివర్సిటాసే. ఇటలీలోని బొలోన్యాలో ఆ సంఘం విద్యార్థులది. గురువులు వాళ్లు పెట్టుకున్న ఉద్యోగులు. 1317 నాటి నియమాలు చదువుతుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. గురువు సెలవు అడక్కుండా ఒక్క రోజు కూడా మానకూడదు. ఊరు దాటాలంటే తిరిగి వస్తానన్న హామీగా డబ్బు కట్టి వెళ్లాలి. గంట కొట్టగానే మొదలుపెట్టి, తర్వాతి గంట మోగిన నిమిషంలోపు ఆపేయాలి. కష్టమైన అధ్యాయం దాటేయకూడదు. పాఠానికి కనీసం ఐదుగురు రాకపోతే ఆయన రానట్టే లెక్క, జరిమానా కట్టాల్సిందే. బయోమెట్రిక్ హాజరు మీద విసుక్కునే అధ్యాపకులు ఈ జాబితా ఒకసారి చూసుకుంటే కాస్త ఊరట దొరకొచ్చు.

పారిస్‌లో కథ వేరు. అక్కడ సంఘం గురువులదే. 1229లో మద్యం దుకాణంలో బిల్లు దగ్గర మొదలైన గొడవ పెద్దదై, రాజ్యం తరఫు బలగాల చేతిలో విద్యార్థులు చనిపోయారు. గురువులు పాఠాలు ఆపేశారు. ఆపేసి ఊరుకోలేదు, ఊరే విడిచిపోయారు. కొందరు ఇంగ్లండ్ వెళ్లారు, కొందరు ఫ్రాన్స్‌లోనే వేరే పట్టణాలకు చేరారు. రెండేళ్లు అలాగే గడిచాయి. చివరికి 1231 ఏప్రిల్‌లో పోప్ తొమ్మిదో గ్రెగరీ ఒక శాసనం ఇచ్చాడు. గురువులకు ఘోరమైన అన్యాయం జరిగినా, ఇళ్ల అద్దెలు ఇంతకు మించకూడదన్న ఏర్పాటు ఎత్తేసినా, వాళ్లు ముందు హెచ్చరిక ఇవ్వాలి. పదిహేను రోజుల్లో న్యాయం జరగకపోతే పాఠాలు ఆపుకునే హక్కు వాళ్లది. అర్జీకి గడువు పెట్టడం, గడువు దాటితే ఏమవుతుందో కూడా రాసిపెట్టడం, ఈ రెండూ ఆ కాగితంలో ఉన్నాయి. మొదటిది ఇప్పుడు చాలా సంస్థల్లో కనిపిస్తుంది, రెండోదే కనపడదు.

బొలోన్యాలో గురువు జీతగాడు, పారిస్‌లో గురువే సంస్థ. తర్వాతి శతాబ్దాల్లో ఈ రెండు పాత్రల మధ్య అధ్యాపకులు అటూ ఇటూ ఊగుతూనే ఉన్నారు. వంటవాళ్లు, కాపలావాళ్లు, ప్రతులు రాసే లేఖకుల మాట ఈ లెక్కలోకే రాలేదు.

ఇంగ్లండ్‌లో ఇంకో పద్ధతి పాతుకుపోయింది. సంస్థ లోపలి తగాదాలు తీర్చడానికి 'విజిటర్' అనే పెద్ద ఉండేవాడు. ఒకచోట రాజు, ఇంకోచోట బిషప్. ఇంటి గొడవ ఇంట్లోనే తేలాలి, కోర్టు మెట్లెక్కకూడదన్నది దాని వెనకున్న ఆలోచన. ఇదంతా మధ్యయుగాల ముచ్చట అనుకోనక్కర్లేదు. బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉద్యోగం నుంచి తీసేసిన ఒక లెక్చరర్ కోర్టుకు వెళ్తే, 1987లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు ఏమిటంటే, ఇది విజిటర్ పరిధిలోది, మేం కలగజేసుకోం అని. మరుసటి ఏడాదే వచ్చిన విద్యా సంస్కరణల చట్టం అధ్యాపకుల ఉద్యోగ వివాదాలను విజిటర్ చేతిలోంచి తీసేసింది. అదే చట్టం కొత్తగా చేరేవాళ్ల శాశ్వత ఉద్యోగ భద్రతకూ మంగళం పాడింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడమంటే ఇదే.

అమెరికాలో మలుపు 1900లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ రాస్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు రైల్వేల యాజమాన్యం మీద, వలస కూలీల మీద మాట్లాడిన మాటలు వ్యవస్థాపకుడి భార్య జేన్ స్టాన్‌ఫర్డ్‌కు నచ్చలేదు. ఆ కుటుంబం ఆస్తి రైల్వేల మీద వచ్చిందే మరి. రాస్ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆసియా వాళ్ల గురించి ఆయన అన్న మాటలు ఇవాళ చదివితే రోత పుడుతుంది, ఆయన్ని వీరుడిగా నిలబెట్టాల్సిన పని లేదు. కానీ ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద ఉద్యోగం ఊడటం చూసి, ఆయనతో పాటు మరికొందరు రాజీనామా చేశారు. వాళ్లలో ఆర్థర్ లవ్‌జాయ్ ఒకరు. 1915లో ఆయన, తత్వవేత్త జాన్ డ్యూయీ తదితరులు కలిసి అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుల సంఘం పెట్టారు. డ్యూయీ మొదటి అధ్యక్షుడు.

ఆ సంఘం తొలి ప్రకటనలో ఒక వాదన ఉంది. ధర్మకర్తల మండలి ఆచార్యులను నియమిస్తుంది, అంతమాత్రాన వాళ్లు దాని ఉద్యోగులు కారు, ప్రభుత్వం నియమించిన న్యాయమూర్తి ప్రభుత్వానికి నౌకరు కానట్టే ఇదీ అని. తెలివైన వాదన. దాని బలంతోనే అధ్యాపకులకు భావస్వేచ్ఛ, ఉద్యోగ భద్రత, పాలనలో వాటా దక్కాయి. కాకపోతే అదే వాదన మిగతావాళ్లను గడప అవతల నిలబెట్టింది. ఆచార్యుడు ఉద్యోగి కాకపోతే, ఉద్యోగులు ఇంకెవరు? టైపిస్టు, లైబ్రరీ గుమాస్తా, ల్యాబ్ అటెండర్.

వాళ్ల సంగతికి వస్తే, 1951లో కొలంబియా విశ్వవిద్యాలయం లైబ్రరీ గుమాస్తాలు యూనియన్ గుర్తింపు కోసం జాతీయ కార్మిక సంబంధాల బోర్డు దగ్గరికి వెళ్లారు. లాభాపేక్ష లేని విద్యాసంస్థ కాబట్టి మేం జోక్యం చేసుకోం అని బోర్డు పంపించేసింది. ఆ మాట మారడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. 1970లో కార్నెల్ కేసులో, విశ్వవిద్యాలయాలు కూడా పెద్ద యజమానులేనని బోర్డు ఒప్పుకుంది.

1984లో యేల్‌లో గుమాస్తాలు, సాంకేతిక సిబ్బంది దాదాపు పది వారాలు సమ్మె చేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆడవాళ్లు చేసే పని కాబట్టే దానికి తక్కువ కట్టారా అన్నది వాళ్ల ప్రశ్న. నాలుగేళ్లకు హార్వర్డ్‌లో అలాంటి సిబ్బందే 44 ఓట్ల తేడాతో యూనియన్ గెలిపించుకున్నారు. వాళ్ల నినాదం నాకు భలే నచ్చుతుంది: యూనియన్‌కు ఓటేస్తే హార్వర్డ్‌కు వ్యతిరేకం అయినట్టు కాదు. నోరు విప్పితే సంస్థకు ద్రోహం చేసినట్టే అన్న భయం సిబ్బందిలో ఎంత లోతుగా ఉంటుందో ఆ ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది. ఒప్పందం కుదిరాక వాళ్లు లావుపాటి నిబంధనల పుస్తకం రాసుకోలేదు. యాజమాన్యం, సిబ్బంది సమానంగా కూర్చునే ఉమ్మడి మండళ్లు పెట్టుకున్నారు. షిఫ్టుల మార్పు లాంటివి అక్కడికక్కడే మాట్లాడుకోవాలని.

గుమాస్తాలు ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ఆచార్యులకు తమ పాత వాదనే ఎదురు తిరిగింది. న్యూయార్క్‌లోని యెషీవా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు యూనియన్ కావాలన్నారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో కాదంది. సిలబస్ మీరే నిర్ణయిస్తారు, ప్రవేశాలు, నియామకాల్లో మీ మాట చెల్లుతుంది, కాబట్టి మీరే యాజమాన్యం అని తేల్చింది. అక్కడి అధ్యాపకుడు సంతకం పెట్టిన అర్జీ, చట్టం లెక్కలో, యాజమాన్యం యాజమాన్యానికే రాసుకున్న ఉత్తరం అయిపోయింది.

మన దేశంలో ఇదే పేచీ ఒక బస్సు చుట్టూ తిరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆడపిల్లల కాలేజీకి బస్సులు నడిపేది. నష్టం వస్తోందని ఆపేసి డ్రైవర్లను ఇంటికి పంపింది. రామ్‌నాథ్ అనే డ్రైవర్ పరిహారం అడిగాడు. 1963లో సుప్రీంకోర్టు ఆయన పరిహారం లెక్క దాకా పోనేలేదు. విశ్వవిద్యాలయం అసలు 'పరిశ్రమ' కాదు, అక్కడ చదువు చెప్పడమే ప్రధానం, ఆ పనిలో డ్రైవర్లు, గుమాస్తాల పాత్ర చాలా చిన్నది అంది. కాబట్టి పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించదు. బస్సు లేకపోతే పిల్లలు క్లాసుకు ఎలా వస్తారన్న మాట ఎవరికీ తట్టలేదు కాబోలు.

పదిహేనేళ్ల తర్వాత, 1978లో, బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టింది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ప్రధాన తీర్పు ప్రకారం విద్యాసంస్థ కూడా పరిశ్రమే. డ్రైవర్‌కు, గుమాస్తాకు తలుపు తెరుచుకుంది. మరి పాఠం చెప్పేవాళ్లకు? 1988లో గోవాకు చెందిన సుందరాంబాళ్ అనే ఉపాధ్యాయిని కేసులో కోర్టు చెప్పింది: బడి పరిశ్రమే, కానీ టీచర్ 'కార్మికుడు' కాదు, బోధన ఒక ఉదాత్తమైన వృత్తి. ఉదాత్తం అన్న మాట వినడానికి బాగుంటుంది. ఉద్యోగం పోయినవాళ్లకు దానితో లేబర్ కోర్టు తలుపు తెరుచుకోలేదు.

ఇలా చట్టం దారి మూసుకున్న చోట అధ్యాపకుల చేతిలో మిగిలేది ప్రతిష్ఠ అనే ఆయుధం. అవిశ్వాస తీర్మానం అలాంటిదే. 2005 మార్చిలో హార్వర్డ్ అధ్యాపకులు అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్ మీద 218–185తో అవిశ్వాసం ప్రకటించారు. ఆ ఓటు ఆయన్ని దించలేదు, దానికి ఆ అధికారం లేదు. అయినా ఏడాది తిరక్కుండానే ఆయన రాజీనామా ప్రకటించాడు. ఇది పేరున్న ఆచార్యులకు పనికొచ్చే ఆయుధం. ఆర్నెల్లకోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు లెక్చరర్ అవిశ్వాసం ప్రకటిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

1997 నవంబరులో యునెస్కో ఉన్నత విద్యా బోధకుల హోదా మీద ఒక సిఫారసు ఆమోదించింది. పాలక మండళ్లలో పాల్గొనే హక్కుతో పాటు, తాము పనిచేస్తున్న సంస్థతో సహా ఏ సంస్థ పనితీరునైనా విమర్శించే హక్కు వాళ్లకు ఉండాలని అందులో ఉంది. సిఫారసు కాబట్టి ఏ ప్రభుత్వానికీ అది కట్టుబాటు కాదు. అదీ బోధకుల వరకే, గుమాస్తాల ఊసు అందులో లేదు.

ఇప్పుడు ఈ గడప దగ్గర నిలబడ్డది పరిశోధక విద్యార్థులు, పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలికంగా పరిశోధన చేసే పోస్ట్‌డాక్‌లు. పరిశోధక విద్యార్థులు చదువుకునేవాళ్లా, పనిచేసేవాళ్లా అన్న ప్రశ్న మీద అమెరికా కార్మిక బోర్డు 2000లో పనిచేసేవాళ్లే అంది, 2004లో కాదంది, 2016లో మళ్లీ మొదటి మాటే చెప్పింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌లలో దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. వార్తల్లో జీతాల అంకెలే వచ్చాయి. వాళ్ల డిమాండ్లలో ఇంకొకటి కూడా ఉంది: పై అధికారి వేధిస్తే రక్షణ కావాలని. ఆ పై అధికారి చాలామందికి గైడ్ కూడా. జీతం ఇచ్చే గ్రాంటు ఆయనదే, థీసిస్ మీద సంతకం ఆయనదే, రేపు ఉద్యోగానికి కావాల్సిన సిఫారసు లేఖా ఆయనే రాయాలి.